ముప్పై ఎనిమిదో వేలిముద్ర

జోడిమామిడి,
14-11-1999

ధర్మకి,

ఇక్కడ నేను క్షేమం అని మొదలుపెట్టాలి కాబట్టి పెట్టాను. నమ్మడం నీ ఇష్టం.

మీ ఊరు చేరి పన్నెండు రోజులైంది. బస్సు ఆగితే మండల కేంద్రం ఇంకా ఎంత దూరమని కండక్టర్ని అడిగాను. ‘దిగండి, ఇదే’ అన్నాడు. నాలుగు రేకుల షెడ్లు, ఒక టీ కొట్టు, ఇసుక బస్తాల వెనక పోలీస్ స్టేషను, ఎవరివో తెలియని పందులు. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటారు. మీ ఊరికి ఆ పేరు కూడా లేదు. చుట్టూ కొండలనిండా కాఫీ తోటలున్నాయి, ఊళ్ళో గుక్కెడు కాఫీ దొరకదు. పండించేవాళ్ళే తాగరట. ఇవాళ్టి పేపరు రేపు మధ్యాహ్నానికి వస్తుంది. పొద్దున తొమ్మిది దాకా పొగమంచు. ఆఫీసుకి ఎవరు వచ్చారో, ఎవరు రాలేదో కళ్ళకి కనబడదు. మీవాళ్ళు ఇన్నేళ్ళు ఉద్యోగాలు ఎలా చేశారో ఇప్పుడర్థమైంది.

నీ క్వార్టరులోనే దిగాను. కప్పు కారుతోంది. నువ్వు చెప్పలేదు.

మీ చెల్లెలు కనక రెండుసార్లు రాగి అంబలి తెచ్చి ఇచ్చింది. మొదటిసారి కుక్కకి పోశాను. రెండోసారి వద్దన్నాను. పదో తరగతి పాసయిందని విన్నాను కానీ మాట్లాడదు, ఊరికే చూస్తుంది.

శుక్రవారం మీ సంత కూడా చూశాను. రెండు ముసలి మామిడి చెట్లు, వాటి కింద బురద, బురదలో మూడొందలమంది ఆడవాళ్ళు పసుపు, పిప్పళ్ళు, చీపుర్లు పెట్టుకుని కూర్చున్నారు. బేరం ఆడరు, అరవరు. అమ్ముడైతే అమ్ముతారు, లేకపోతే లేచి పోతారు. ఇది వ్యాపారమా?

ఒక్క విషయం మర్చిపోకు. నాకు ఏజెన్సీ వంతు వచ్చింది, నీకు నీ భార్య బేబి నర్సు ట్రైనింగు కోసం విశాఖకి దగ్గరలో ఉండాలనిపించింది, అందుకే మండలాఫీసు గుమస్తా కుర్చీలు ఒకరిది ఒకరం మార్చుకున్నాం. మళ్ళీ వెనక్కి రావాలన్నా అంతే. ఇద్దరి సంతకాలూ ఒకే కాగితం మీద పడాలి. ఒకడు కదలకపోతే రెండోవాడు కదల్లేడు. నేను మాత్రం ఇక్కడ జుట్టు నెరిసేదాకా ఉండలేను.

ఇట్లు,
కాండ్రేగుల సింహాచలం


వీరన్నపాలెం,
3-12-1999

సింహాచలం గారికి నమస్కారం.

మీ ఉత్తరం అందింది. మా ఊరు మీకు నచ్చలేదని తెలిసి నాకేమీ ఆశ్చర్యం కలగలేదు. కప్పు సంగతి నిజమే. తూర్పు మూలకి మంచం వేసుకోకండి.

మీ ఊరి గురించి నేనూ రాయాలి కదా. మీ ఊరు త్వరలో మున్సిపాలిటీ అవుతుందట. అవుతుందో లేదో ఎవరికీ తెలియదు కానీ చైర్మన్ కుర్చీ మాత్రం చేయించేశారు. బెల్లం మార్కెట్టు ఆఫీసులో గోడవార పెట్టి దాని మీద తెల్ల తువ్వాలు కూడా పరిచారు. మురుక్కాలువ మాత్రం లేదు. పొద్దున్నే ప్రతి ఇల్లాలూ తన వాకిలి అద్దంలా ఊడ్చి ఆ చెత్తని పక్కింటి హద్దులోకి నెడుతుంది. పక్కింటావిడ ఆ పక్కకి నెడుతుంది. మధ్యాహ్నానికి చెత్తంతా వీధి చివర దళితవాడ ముందు చేరుతుంది. మీరు దీన్ని పట్టణం అంటారు. మాది గూడెం అంటారు.

బెల్లం విషయం కూడా తెలిసింది. నల్ల బెల్లం ఒంటికి మంచిదని అందరూ చెబుతారు. ధర మాత్రం తెల్లదానికే పెడతారు. అందుకని పొడి కలిపి తెల్లగా చేస్తారు. మనుషుల దగ్గరా మీవాళ్ళ పద్ధతి అదేనని నాకు వారంలో అర్థమైంది. టీ కొట్టు దగ్గర ఒక పెద్దమనిషి ‘ఏటి బాబూ, మీ కొండల్లో అన్నం తింతారేటి?’ అని అడిగాడు. తింటామన్నాను. ‘ఒండుకునా?’ అన్నాడు.

మీ ఇంటి వెనక గది ఇచ్చినందుకు కృతజ్ఞతలు. మీ ఇంటావిడ గాయత్రి గారు మంచినీళ్ళు అడిగితే ఇస్తారు. నాకని ఒక స్టీలు గ్లాసు కేటాయించారు. పొరపాటున కలిసిపోకుండా అడుగున ఎర్ర రంగు పూశారు. కిటికీ మీద బోర్లించి ఉంటుంది. మా చెల్లెలి అంబలి కుక్కకి పోశానని రాశారు కాబట్టి ఈ సంగతి రాశాను. లేకపోతే రాసేవాణ్ణి కాదు.

మీకు పనికొచ్చే మాట ఒకటి. చైత్రంలో మా ఇటుకల పండగ వస్తుంది. మగవాళ్ళు వేటకి అడవిలోకి పోతారు. ఊళ్ళో ఆడవాళ్ళు దారికి అడ్డంగా తాడు కట్టి వచ్చేపోయేవాళ్ళని ఆపుతారు. అడిగింది ఇచ్చి దాటాలి. మామూలుగా రూపాయో, రెండో అడుగుతారు, లేదా రెండడుగులు ఆడమంటారు. కలెక్టరు జీపయినా ఆగాల్సిందే. వాదించకండి. అడిగింది ఇవ్వకుండా తాడు దాటినవాడికి ఆ తర్వాత మా ఊళ్ళో ఎవరూ నిప్పు కూడా ఇవ్వరు.

ఉంటాను,
కిల్లో ధర్మ


జోడిమామిడి,
20-1-2000

ధర్మకి,

గ్లాసు విషయం ఆడవాళ్ళ చాదస్తం. దాన్ని పట్టించుకుంటావనుకోలేదు. నీకు చదువుంది కదా.

ఈసారి మంచి వార్త. మనిద్దరం మే నెల బదిలీల్లో ఇళ్ళకి చేరుకునే దారి దొరికింది. బేబి ట్రైనింగు ఏప్రిల్‌తో అయిపోతుందని నువ్వే చెప్పావు. సరిగ్గా సరిపోతుంది. ఫారం ఈ కవర్లోనే పెట్టాను. నా సంతకం చేసేశాను. నువ్వు నీది చేసి వెంటనే పంపు.

దారి ఏమిటంటావా? ఈ దిబ్బకి కాస్త అభివృద్ధి తేవాలని పైవాళ్ళు అనుకుంటున్నారు. ఇరవై నాలుగు గదుల షాపింగు కాంప్లెక్సు. ఊరి చివర ఖాళీ జాగా ఒకటి ఉంది, అక్కడ కడతారు. షావుకారు నూకరాజు అన్నీ చూసుకుంటున్నాడు. మా వైపువాడే, పనిమంతుడు. కొత్త చట్టం ప్రకారం గ్రామసభ ఒప్పుకోవాలట. ఆ తీర్మానం ఒక్కటి నేను రాయించి పంపితే నా బదిలీ పని తాను చూస్తానన్నాడు. గ్రామసభట. సంతకం పెట్టేవాళ్ళు ముగ్గురు, మిగతావి వేలిముద్రలు. వీళ్ళని సభ చేసి అభిప్రాయం అడగమని చట్టం రాసినవాళ్ళు ఒక్కసారి ఇక్కడికొచ్చి ఈ మొహాలు చూసి ఉంటే ఆ కాగితం వాళ్ళే చింపేసేవాళ్ళు. చెవిటివాడి ముందు శంఖం ఊదడం నా ఉద్యోగమైంది.

మీ మగవాళ్ళు మరీ కష్టం. ఏది చెప్పినా ‘సూద్దుంలే బాబూ’ అని కల్లు కుండ దగ్గరికి పోతారు. రెండు నెలలుగా ఇదే మాట.

అన్నట్టు, ఆ ఇటుకల పండగ ఏ తేదీల్లో వస్తుంది? మగవాళ్ళు ఎన్నాళ్ళు అడవిలో ఉంటారు? తాడు దగ్గర ఇబ్బంది పడకుండా ముందే తెలుసుకుందామని.

సింహాచలం


వీరన్నపాలెం,
11-2-2000

సింహాచలం గారికి,

ఫారం అందింది. నింపాను, సంతకం చేశాను, మళ్ళీ కవర్లో పెట్టి పెట్టెలో దాచాను. పంపలేదు. మా ఊరి చివర ఖాళీ జాగా ఎక్కడుందో నాకు గుర్తుకు రావడం లేదు. ఉత్తరాన వాగు, పడమర శ్మశానం, దక్షిణాన మా పొలాలు. తూర్పున రోడ్డు. నేను ముప్పై ఏళ్ళు ఆ ఊళ్ళోనే పెరిగాను. మీరు మూడు నెలల్లో ఖాళీ జాగా కనిపెట్టారు. అది ఎక్కడో ఒక్క ముక్క రాయండి, ఆ రోజే ఫారం పోస్టు చేస్తాను.

పంపాలని నాకు లేదనుకోకండి. బేబికి మా ఊరి ఆస్పత్రిలోనే పోస్టింగు వచ్చేలా ఉంది. జూన్ ఒకటిన చేరాలి. ఈ ఊళ్ళో నాకు ఊపిరాడదు. నిన్న మీ పెద్దలు మున్సిపాలిటీ కోసం జనాభా లెక్క సరిపోలేదని శ్మశానం రికార్డు తెప్పించారు. చచ్చినవాళ్ళలో కొందరిని ఇంకో ఏడాది బతికిద్దామని చర్చ జరిగింది. ఆ జాబితా నా చేతే రాయించబోయారు. నాకు తెలుగు సరిగా రాదని చెప్పి తప్పించుకున్నాను. వెంటనే నమ్మారు.

పండగ ఉగాది వెళ్ళిన రెండో వారంలో వస్తుంది. మగవాళ్ళు అయిదారు రోజులు అడవిలోనే ఉంటారు.

ధర్మ


జోడిమామిడి,
22-4-2000

ధర్మకి,

నీ చెల్లెలికి వెంటనే ఉత్తరం రాసి బుద్ధి చెప్పు. ఇది అన్నగా నీ బాధ్యత. ఆమె దగ్గర ప్రభుత్వ రికార్డు ఉంది. నేను తలచుకుంటే కేసు పెట్టించగలను. ఎస్సై దగ్గరికి వెళ్ళాను కూడా. విన్నాడు, నవ్వాడు, ‘పండగ అయ్యాక రండి’ అన్నాడు. అతను కూడా ఆ పొద్దున తాడు దగ్గర జీపు దిగి రెండు గంతులు వేశాడట.

జరిగింది చెబుతాను. మొన్న గ్రామసభ పెట్టాను. మగవాళ్ళు అడవిలో ఉన్నారు, ఆడవాళ్ళు ఉన్నారు. చట్టంలో మగవాళ్ళే ఉండాలని ఎక్కడా లేదు. నీ చెల్లెలు ఆ పొద్దున ముంచింగిపుట్టు వెళ్ళింది. ముప్పై ఏడుమంది వచ్చారు. చెప్పాల్సింది చెప్పాను. మంచినీళ్ళ ట్యాంకు గురించి కూడా మాట్లాడాను. ఎవరూ ఒక్క ప్రశ్న వేయలేదు. వరసగా వచ్చి వేళ్ళు ముంచి ముద్రలు వేసి పోయారు. గంటలో పని అయిపోయింది. ఇంత సులువైన పనికి అయిదు నెలలు మగవాళ్ళ వెనక తిరిగానా అనుకున్నాను.

మధ్యాహ్నం షావుకారు జీపులో ఆ ముద్రలున్న తీర్మానాల పుస్తకం పట్టుకుని పాడేరు డివిజను ఆఫీసుకి బయలుదేరాను. ఊరి మొదట్లో తాడు. అదే ముప్పై ఏడుమంది, మధ్యలో కనక. బస్సు దిగి ఇంటికి కూడా వెళ్ళకుండా అక్కడే నిలబడిందట. రూపాయి ఇచ్చాను. తీసుకోలేదు. పది ఇచ్చాను. ఆడమంటే ఆడతానన్నాను, నా కర్మ. ‘డబ్బులొద్దు సారూ. ఆ పుస్తకం ఇయ్యి. వీళ్ళ వేళ్ళకి సిరా ఏటని అడిగితే ట్యాంకుకి అంటన్నారు. ట్యాంకుకి ఏలిముద్ర ఎందుకో సదివి ఇస్తాను’ అంది. ఆరు నెలలుగా నాతో నాలుగు మాటలు మాట్లాడని పిల్ల.

డ్రైవరుని పోనియ్యమన్నాను. వాడు కొండవాడే. ఇంజను ఆపేసి తాళం జేబులో వేసుకున్నాడు. పుస్తకం ఇవ్వక తప్పలేదు.

అప్పట్నుంచీ నాకు టీ కొట్టులో టీ పోయడం లేదు. పుస్తకం ఇచ్చాను కదా, ఇంకా ఎందుకు? పుస్తకం వాళ్ళ దగ్గరే ఉంది. తాడు కట్టి దోచుకునేవాళ్ళు ఊరివాళ్ళెలా అవుతారు? నువ్వు చదువుకున్నవాడివి, నువ్వే చెప్పు. ఫారం కూడా పంపించు. మే పదిహేను ఆఖరు తేదీ.

సింహాచలం


వీరన్నపాలెం,
29-4-2000

సింహాచలం గారికి,

మీ ఉత్తరం కంటే రెండు రోజులు ముందు కనక ఉత్తరం వచ్చింది. మీరు రాసిన తీర్మానం మొత్తం తన చేత్తో ఎత్తి రాసి పంపింది. అక్షరం పొల్లు పోలేదు. ‘ప్రస్తుత సంత స్థలము నిరుపయోగముగా ఉన్నందునను, అందలి రెండు మామిడి వృక్షములు శిథిలావస్థలో ఉన్నందునను, సదరు వృక్షములను తొలగించి, సంతను రెండు కిలోమీటర్ల దిగువకు మార్చి, సదరు స్థలమును వాణిజ్య సముదాయమునకు కేటాయించుటకు గ్రామసభ ఏకగ్రీవముగా తీర్మానించడమైనది.’

ఏడాదికి రెండు బళ్ళ కాయ కాసే చెట్లు శిథిలావస్థలో ఉన్నాయా? అదా మీ ఖాళీ జాగా? రెండు కిలోమీటర్ల దిగువన నూకరాజు గోడౌను ఉంది. అక్కడ నీళ్ళు లేవు, నీడ లేదు. ఇప్పటికే అతని మనుషులు సంతకి అరమైలు ముందే దారికాసి ఆడవాళ్ళ నెత్తి మీద తట్టలు లాక్కుంటారు. రేపు సంతే అతని గుమ్మంలోకి పోతే వాళ్ళు చెప్పిందే ధర. మా అమ్మ ఆ చెట్టు కింద పిప్పళ్ళు అమ్మి నాకు పుస్తకాలు కొంది. ఆ పుస్తకాలు చదివే మీ కుర్చీలో కూర్చున్నాను. మీరు ట్యాంకు పేరు చెప్పి దాని మీద వేలిముద్రలు వేయించారు. మిమ్మల్ని చూస్తే కోపం కూడా రావడం లేదు. అసహ్యమేస్తోంది.

ఇంకో మాట. మీరు పని పూర్తిగా తెలుసుకోకుండా చేస్తారు. మగవాళ్ళు లేని వారం ఊరు ఖాళీగా ఉంటుందనుకున్నారు. ఆ వారం మా ఊళ్ళో ఊరంటే ఆడవాళ్ళే. తగువు వచ్చినా, పెళ్ళి మాట వచ్చినా వాళ్ళు చెప్పిందే నిలుస్తుంది. అడవి నుంచి తిరిగొచ్చాక మగవాళ్ళు దాన్ని మార్చడానికి లేదు. ఏడాదిలో మిగతా యాభై ఒక్క వారాల్లో మీరు ఎప్పుడు ముద్రలు వేయించినా మగవాళ్ళు ‘మాకు తెలీదు’ అని తోసేసేవారు, మీరు మళ్ళీ మొదలుపెట్టుకునేవారు. మీరు ఏరి ఏరి ఊరి మాటకి తిరుగులేని వారంలోనే సభ పెట్టారు. ఆ వారంలో పుస్తకం వెనక్కి తీసుకున్నదీ వాళ్ళే. ఇక దాన్ని నూకరాజు కాదు, ఆయన తాత వచ్చినా తేలేడు. తేదీలు నన్నే అడిగారు. నేనే చెప్పాను. ఆ సిగ్గు నాకుంది.

టీ ఎందుకు పోయడం లేదని అడిగారు. డ్రైవరుతో పోనియ్యమన్నారు కదా. తాడు మీదికి బండి తోలమన్నవాడు దాటినవాడి కిందే లెక్క.

ఫారం మీద నా సంతకం ఉంది. ఈ రోజే కనకకి పోస్టు చేశాను. వెళ్ళి ఆమెని అడగండి. ఆమె ఏమి అడిగితే అది ఇచ్చి తీసుకోండి. ఇవ్వకపోతే మీరక్కడే ఉండండి, నేనిక్కడే ఉంటాను. బేబి ఒక్కతీ ఆ కారే కప్పు కింద ఉంటుంది. మా ఇద్దరికీ అది కష్టమే. అయినా ఉంటాం.

కిల్లో ధర్మ


వీరన్నపాలెం,
9-6-2000

ధర్మ గారికి,

మీరు ఉదయం బస్సుకి వెళ్ళారట, నేను సాయంత్రం బస్సుకి దిగాను. ఎదురుపడనందుకు సంతోషించాను. ఎదురుపడితే ఏం మాట్లాడాలో నాకు తెలియదు. ఉత్తరంలో అయితే తల ఎత్తక్కర్లేదు.

మీ చెల్లెలు అడిగింది పెద్దదేమీ కాదు. శుక్రవారం సంతలో, చెట్ల కింద, మగవాళ్ళూ ఆడవాళ్ళూ అందరి ముందూ ఆ తీర్మానం మొదటి నుంచి చివరి దాకా నేనే చదవాలి. మొదటి శుక్రవారం వెళ్ళలేదు. మే పన్నెండున వెళ్ళాను. ఆ శుక్రవారం దాటితే పదిహేనో తేదీలోపల ఫారం అందదు. నా పరువు కంటే నా ఊరు ముఖ్యమనుకున్నాను. గొప్పగా రాయడం లేదు, జరిగింది అదే.

కొడతారనుకున్నాను. ఎవరూ చెయ్యెత్తలేదు. నేను ఒక వాక్యం చదివేవాణ్ణి, కనక దాన్ని మీ ఇళ్ళల్లో మాట్లాడే ఒడియాలో చెప్పేది. ‘శిథిలావస్థ’ దగ్గర ఆగి ‘అంటే ఏటి సారూ?’ అంది. ఆమెకి తెలుసు. నా నోటితో చెప్పించింది. కూలిపోయేలా ఉన్నాయని చెప్పాను. మూడొందలమంది ఒక్కసారి తలలెత్తి పైకి చూశారు. కాయలు నా నెత్తి మీదే వేలాడుతున్నాయి. నవ్వారు. మీవాళ్ళు నవ్వడం ఆరు నెలల్లో అదే మొదటిసారి విన్నాను.

అయిపోయిందనుకున్నాను. అప్పుడు సోములమ్మ అనే ముసలామె లేచింది. ముద్రల్లో మొదటిది ఆమెదే. పుస్తకం చేతిలోకి తీసుకుని తన ముద్ర వెతుక్కుంది. వేలితో తడిమి, ‘ఇది నాది. మరి నీది ఏదీ?’ అని అడిగింది. నాది లేదు. అలాంటి కాగితం మీద గుమస్తా తన పేరు పెట్టడు, అది మాకు మొదటి రోజే నేర్పుతారు. సోములమ్మ పుస్తకాన్ని మీ చెల్లెలికి అందించింది. కనక కింద రద్దు తీర్మానం రాసింది. అక్షరం గుండ్రంగా ఉంది, నాకంటే బాగుంది. ఆ ముప్పై ఏడుమందీ మళ్ళీ ముద్రలు వేశారు. నేను పెన్ను తీశాను. సోములమ్మ నా చెయ్యి పట్టుకుంది. ‘పెన్ను ఒద్దు. మాకు పెట్టించిందే నువ్వూ ఎట్టు’ అంది. బొటనవేలు ఆమే సిరాలో ముంచి ఆమే అద్దింది. ముప్పై ఎనిమిదోది నాది.

ఆ తర్వాత ఫారం చేతికిచ్చారు. అడ్డాకు దొప్పలో అంబలి కూడా ఇచ్చారు, అందరికీ పోసిన కుండలోంచే. తాగాను. రుచి లేదు. అబద్ధం చెప్పను, మీ ఊరు నాకు ఇప్పటికీ నచ్చదు. ఆ పొగమంచూ, ఆ పందులూ తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కానీ నూకరాజుని తలచుకున్నా, నన్ను తలచుకున్నా అంతకంటే ఎక్కువ మండుతోంది. మా చైర్మన్ కుర్చీని కూడా చూసొచ్చాను. మీరు రాసినట్టే తువ్వాలు ఉంది.

మీ గ్లాసు కిటికీ మీదే బోర్లించి ఉంది. గది కడిగించాలి, దాన్ని పారెయ్యమంది గాయత్రి. ఆ రంగు పూయమని అప్పట్లో చెప్పింది నేనే. ఆడవాళ్ళ చాదస్తమని మీకు రాశాను. పారెయ్యలేదు. పొద్దున్నే అందులోనే నీళ్ళు తాగుతున్నాను.

ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. సంత నుంచి ఆ పూటే ఫారం ఇవ్వడానికి పాడేరు బస్సెక్కాను. వేలి సిరా ఎంత తుడిచినా పోలేదు. టిక్కెట్టుకి చెయ్యి చాపితే కండక్టరు నా వేలు చూశాడు, నా కళ్ళజోడు చూశాడు. ‘ఏటి బాబూ, సదువు రాదేటి?’ అని జాలిగా అడిగాడు.

రాదన్నాను.

సింహాచలం